అడ్డచుట్ట – అంగిలి మీద మచ్చ

సాయంత్రం అయింది. ఎండబెట్టిన చేపలు గంపలకు ఎత్తేశారు. పొయ్యి మీద గంజి ఉడుకుతోంది.

అత్త అరుగు మీద కూర్చుంది. బొడ్లోంచి చుట్ట తీసింది. వెలిగించింది. రెండు దమ్ములు లాగింది. తరువాత చుట్టను తిప్పింది. నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుంది. పెదాలు మూసింది.

కోడలు పక్కనే కూర్చుంది. ఆమె చేతిలో చదువు కేంద్రం పుస్తకం ఉంది.

"అత్తా, ఒక్కసారి నోరు తెరూ" అంది కోడలు.

"ఎందుకే? నానేటి సంటిపిల్లనా?"

"లైటేసి సూత్తాను. పుస్తకంలో రాసినారు. అడ్డచుట్ట తాగినోళ్లు నోట్లో అంగిలి సూసుకోవాలంట."

"నలభై ఏళ్లుగా తాగుతున్నాను. నొప్పి నేదు, ఏటీ నేదు. నాకేటవుతాది?"

అత్త మాటలో ఒక నిజం ఉంది. ఒక పొరపాటు కూడా ఉంది. నొప్పి లేదు అన్నది నిజం. నొప్పి లేదు కాబట్టి జబ్బు లేదు అనుకోవడం పొరపాటు.

ఆ పొరపాటు గురించే ఈ పాఠం.

అడ్డపొగ అంటే ఏమిటి?

చుట్టను అందరూ ఒకేలా తాగరు. కొందరు నిప్పును బయటికి పెట్టి తాగుతారు. కొందరు నిప్పును నోటి లోపలికి పెట్టి తాగుతారు. దీన్నే అడ్డపొగ అంటాం. అడ్డచుట్ట అని కూడా అంటాం.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు పల్లెల్లో ఈ అలవాటు ఎక్కువ. అందులోనూ మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువ.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1960లలోనే పరిశోధకులు శ్రీకాకుళం జిల్లా పల్లెలకు వచ్చారు. ఇల్లిల్లూ తిరిగారు. 10,169 మంది నోళ్లు చూశారు. అందులో పదిమందికి నలుగురికి పైగా అడ్డపొగ తాగేవాళ్లే. ఆ వివరాలు 1971లో అచ్చయ్యాయి. అంటే మన అమ్మమ్మల నోళ్లు చూసి డాక్టర్లు పాఠం నేర్చుకున్నారు. ఆ పాఠం మాత్రం మనదాకా సరిగా రాలేదు.

ఎందుకు అలవాటైంది?

పెద్దవాళ్లను అడిగితే ఎన్నో కారణాలు చెబుతారు.

సముద్రం ఒడ్డున గాలి ఎక్కువ. నిప్పు బయట ఉంటే ఆరిపోతుంది. లోపల ఉంటే ఆరదు.

ఉభాల్లో నడుం వంచి నాట్లు వేస్తాం. రెండు చేతులకూ పని ఉంటుంది. చుట్ట నోట్లోనే ఉంటే చేతులు ఖాళీ.

ఒళ్లో బిడ్డ ఉంటుంది. బూడిద బిడ్డ మీద పడకూడదు.

చుట్ట తొందరగా అయిపోదు. ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది.

పంటినొప్పికి మంచిదని ఎవరో చెబుతారు.

అన్నిటికంటే పెద్ద కారణం మరొకటి ఉంది. అమ్మ తాగింది. అమ్మను చూసి కూతురు నేర్చుకుంది. "చుట్ట ముట్టించి తేవే" అని అమ్మ చెబుతుంది. పిల్ల పొయ్యి దగ్గరికి వెళుతుంది. ఒక దమ్ము లాగి, ముట్టించి తెస్తుంది. ఆ ఒక్క దమ్ముతోనే అలవాటుకు దారి పడుతుంది.

కాబట్టి ఇది చెడ్డ ఆడవాళ్ల అలవాటు కాదు. కష్టపడే ఆడవాళ్ల అలవాటు. తాగేవాళ్లను తిట్టడం వల్ల లాభం లేదు. నోట్లో ఏం జరుగుతుందో తెలుసుకుంటే లాభం ఉంది.

నోటి లోపల ఏం జరుగుతుంది?

నాలుకను పైకి ఎత్తండి. గట్టిగా తగిలేది అంగిలి. నోటికి అది ఇంటి కప్పు లాంటిది. దాని పైన ముక్కు లోపలి దారి ఉంది.

అడ్డచుట్ట తాగితే నిప్పు సరిగ్గా ఈ కప్పు కిందే ఉంటుంది. నోటి లోపల గాలి 120 డిగ్రీల దాకా వేడెక్కుతుందని కొలిచిన వాళ్లు చెప్పారు. నీళ్లు 100 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మరిగే నీళ్ల కుండ మీద చెయ్యి పెట్టగలమా? అంతకు మించిన వేడిని అంగిలి రోజూ ఓర్చుకుంటోంది.

వేడి ఒక్కటే కాదు. పొగాకులో విషాలు ఉన్నాయి. పొగాకు కాలినప్పుడు మరిన్ని విషాలు పుడతాయి. వాటిలో క్యాన్సర్ తెచ్చేవే 70 దాకా ఉన్నాయి. పొగ అంతా అంగిలి కిందే తిరుగుతుంది. వంటింటి కప్పుకు మసి పట్టడం చూశాం కదా. ఇక్కడా అంతే. కానీ వంటింటి కప్పుకు ప్రాణం లేదు. అంగిలికి ప్రాణం ఉంది.

మామూలుగా అంగిలి గులాబీ రంగులో ఉంటుంది. అడ్డపొగ తాగితే కొన్నాళ్లకు తెల్లబడుతుంది. మందంగా అవుతుంది. తెలుపు మధ్య చిన్న చిన్న ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. ఉమ్మి ఊరే చిన్న గ్రంథులు వాచి అలా కనిపిస్తాయి. కొందరికి నల్లటి మచ్చలు వస్తాయి. కొందరికి ఎర్రటి మచ్చలు వస్తాయి. కొందరికి పుండు పడుతుంది.

తెల్లమచ్చ వచ్చిన వాళ్లందరికీ క్యాన్సర్ రాదు. కానీ కొన్ని మచ్చలు క్యాన్సర్‌గా మారతాయి. ఎర్రమచ్చ అయితే ఇంకా ప్రమాదం. అది ఏ మచ్చో కంటితో చూసి మనం చెప్పలేం. డాక్టరు చెప్పాలి.

మామూలుగా అంగిలికి క్యాన్సర్ రావడం అరుదు. మన వైపు అడ్డపొగ తాగేవాళ్లలో మాత్రం అది ఎక్కువగా కనిపిస్తుంది.

నొప్పి ఎందుకు రాదు?

పార పట్టి పట్టి అరచేతికి కాయలు కాస్తాయి. మొదటి రోజుల్లో చెయ్యి మండుతుంది. కాయ కాశాక నొప్పి తెలియదు. అక్కడ చర్మం మందమైపోయింది.

అంగిలికీ అలాగే అవుతుంది. వేడికి పైపొర మందమవుతుంది. అందుకే నిప్పు నోట్లో ఉన్నా కాలినట్టు అనిపించదు.

ఇంకో సంగతి. క్యాన్సర్ మొదట్లో చాలామందికి నొప్పి ఉండదు. ముల్లు గుచ్చుకుంటే వెంటనే తెలుస్తుంది. క్యాన్సర్ అలా కాదు. చెదపురుగు దూలాన్ని తిన్నట్టు చప్పుడు లేకుండా తింటుంది. నొప్పి మొదలయ్యేసరికి చాలా తినేసి ఉండవచ్చు.

అందుకే నొప్పి కోసం ఎదురు చూడకూడదు. కళ్లతో చూసుకోవాలి.

పళ్లకూ చిగుళ్లకూ చేటే

పొగాకు అంగిలిని మాత్రమే పాడుచెయ్యదు.

పళ్లకు గార పడుతుంది. నోరు వాసన వస్తుంది. ఉప్పు, పులుపు రుచి సరిగా తెలియదు. కూరలో ఉప్పు ఎక్కువైందని ఇంట్లో వాళ్లు అంటారు. మనకు మాత్రం చప్పగానే ఉంటుంది.

చిగుళ్లకు రక్తం సరిగా అందదు. చిగుళ్లు కిందికి జారతాయి. పళ్లు కదులుతాయి. వయసు మీద పడకముందే ఊడిపోతాయి. మామూలుగా చిగురు చెడితే రక్తం కారుతుంది. అది మనకు హెచ్చరిక. పొగాకు వాడేవాళ్లకు ఆ రక్తం తక్కువగా కారుతుంది. కాబట్టి చిగురు చెడిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. పన్ను తీయించుకుంటే పుండు తొందరగా మానదు.

పంటినొప్పికి చుట్ట మంచిదని అంటారు కదా. పొగాకు కాసేపు తిమ్మిరి ఎక్కించి నొప్పిని కప్పిపెడుతుంది. లోపల పుచ్చు అలాగే ఉంటుంది. పెరుగుతూనే ఉంటుంది.

చుట్ట మానేసి జర్దా కిళ్లీ మొదలుపెడితే? ఖైనీ బుగ్గన పెట్టుకుంటే? పొగాకు పొడితో పళ్లు తోముకుంటే? అవి కూడా పొగాకే. కాల్చినా, నమిలినా, రుద్దినా పొగాకు పొగాకే. అంగిలికి బదులు బుగ్గ లోపల, చిగురు మీద మచ్చ వస్తుంది. నిప్పును బయటికి తిప్పి తాగినా మానినట్టు కాదు.

సిగరెట్టు పెట్టె మీద పుండు పడిన బొమ్మ ఉంటుంది. హెచ్చరిక రాసి ఉంటుంది. మన ఇంట్లో మనం చుట్టుకున్న చుట్ట మీద ఏ బొమ్మా ఉండదు. ఏ అక్షరమూ ఉండదు. అందుకే ఈ అక్షరాలు మనం చదవాలి. చదవలేని వాళ్లకు చదివి వినిపించాలి.

నోరు ఎలా చూసుకోవాలి?

నాలుక అద్దంలో కనిపిస్తుంది. పళ్లు కనిపిస్తాయి. అంగిలి మాత్రం అంత సులువుగా కనిపించదు. అది పైన ఉంటుంది. అందుకే ఇద్దరు కలిసి చూసుకోవడం మంచిది. అత్త నోరు కోడలు చూడాలి. అప్ప నోరు చెల్లి చూడాలి. నెలకు ఒకసారి చూస్తే చాలు.

ఇలా చెయ్యండి.

1. నీళ్లతో నోరు పుక్కిలించండి. కట్టుడు పళ్లు ఉంటే తీసెయ్యండి.

2. వెలుతురులో కూర్చోండి. తల వెనక్కి వాల్చండి. నోరు పెద్దగా తెరవండి. రెండో మనిషి టార్చిలైటు వేసి అంగిలి చూడాలి.

3. పెదవి తిప్పి లోపల చూడండి. రెండు బుగ్గల లోపల చూడండి. చిగుళ్లు చూడండి.

4. నాలుక బయట పెట్టండి. పక్కలు చూడండి. నాలుక పైకి ఎత్తి కింద చూడండి.

5. మెడ రెండు పక్కలా వేళ్లతో తడమండి. గడ్డ ఏదైనా తగులుతుందేమో చూడండి.

ఏం కనిపిస్తే ఆసుపత్రికి వెళ్లాలి?

తుడిచినా పోని తెల్లమచ్చ. ఎర్రమచ్చ. రెండు వారాలు దాటినా మానని పుండు. గడ్డ. కారణం లేకుండా కదిలే పన్ను. నోరు తెరవడం కష్టం కావడం. మింగడం కష్టం కావడం. మెడలో గడ్డ. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెళ్లాలి. నొప్పి ఉన్నా వెళ్లాలి. నొప్పి లేకపోయినా వెళ్లాలి.

ఏమీ కనిపించకపోయినా 30 ఏళ్లు దాటిన వాళ్లు ఏ.ఎన్.ఎం. చేత నోరు చూపించుకోవాలి. ఆశా కార్యకర్తను అడిగితే ఏ రోజు రావాలో చెబుతుంది.

ఆసుపత్రిలో ఏం చేస్తారు?

డాక్టరు ముందు నోరు చూస్తారు. అనుమానం ఉంటే మచ్చ నుంచి చిన్న ముక్క తీస్తారు. తిమ్మిరి సూది ఇచ్చి తీస్తారు. ఆ ముక్కను పరీక్షకు పంపుతారు.

"కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుంది" అని కొందరు భయపెడతారు. అది నిజం కాదు. ముక్క తీస్తే జబ్బు పాకదు. ముక్క తీయకపోతే అది ఏ జబ్బో తెలియదు. తెలియకపోతే మందు లేదు.

క్యాన్సర్ అని తేలినా భయపడి ఇంట్లో కూర్చోకూడదు. చిన్నగా ఉన్నప్పుడే పట్టుకుంటే ఆపరేషన్‌తో నయం చేస్తారు. కొందరికి కరెంటు పెడతారు. చిన్న మచ్చకు చిన్న ఆపరేషన్ సరిపోతుంది.

ఆలస్యమైతే కథ మారిపోతుంది. అంగిలిలో చాలా భాగం తీసెయ్యాల్సి వస్తుంది. నోటికీ ముక్కుకూ మధ్య కప్పు ఉండదు. తాగిన గంజి ముక్కులోంచి వస్తుంది. మాట ముక్కుతో మాట్లాడినట్టు ఉంటుంది. అప్పుడు కట్టుడు అంగిలి చేసి పెడతారు. అది పెట్టుకుని తినాలి, మాట్లాడాలి.

విశాఖపట్నంలో కె.జి.హెచ్. ఉంది. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ముందు దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. ఎక్కడికి వెళ్లాలో, ఏ కార్డు తీసుకెళ్లాలో అక్కడ అడగండి. అడగడానికి సిగ్గుపడవద్దు.

మానితే లాభం ఉందా?

"ఇన్నేళ్లు తాగేశాను. ఇప్పుడు మానితే ఏటి, మానకపోతే ఏటి?" అని చాలామంది అంటారు.

లాభం ఉంది. దీన్ని కూడా పరీక్ష చేసి చూశారు. 1970లలో మూడు జిల్లాల్లో ఆ పని మొదలైంది. ఒకటి మన శ్రీకాకుళం. ఒకటి కేరళలోని ఎర్నాకుళం. ఒకటి గుజరాత్‌లోని భావ్‌నగర్. పొగాకు వాడే 36 వేల మందికి పైగా నోళ్లు చూశారు. ఏటేటా ఇళ్లకు వచ్చారు. మానమని నచ్చజెప్పారు. ఐదేళ్ల తరువాత లెక్క చూశారు. మానినవాళ్లు పెరిగారు. కొత్తగా మచ్చలు పుట్టడం తగ్గింది. ఆ ఫలితాలు 1986లో అచ్చయ్యాయి.

మానిన కొంతకాలానికి చాలామంది అంగిలి మళ్లీ గులాబీ రంగుకు తిరుగుతుంది. అన్ని మచ్చలూ పోకపోవచ్చు. అందుకే మానాక కూడా చూపించుకుంటూ ఉండాలి.

ఎలా మానాలి?

పొగాకులో నికోటిన్ ఉంది. అలవాటు పడేలా చేసేది అదే. మానిన మొదటి రెండు మూడు రోజులు బాగా కష్టం. చిరాకు వస్తుంది. తలనొప్పి వస్తుంది. నిద్ర పట్టదు. మలబద్ధకం ఉంటుంది. కొన్ని వారాల్లో ఇవన్నీ తగ్గుతాయి. ఇది చుట్ట వదిలిపోతున్న గుర్తు.

ఒక రోజు అనుకోండి. ఆ రోజు నుంచి మానండి. ఇంట్లో అందరికీ చెప్పండి. చుట్టలు కొని తెచ్చే వాళ్లకు తేవద్దని చెప్పండి.

తాగాలనిపిస్తే కొద్ది నిమిషాలు ఆగండి. ఆ కోరిక అల లాంటిది. లేస్తుంది, విరుగుతుంది. ఆ నిమిషాల్లో చల్లటి నీళ్లు తాగండి. సోంపు గింజలు నమలండి. వేయించిన శెనగలు నమలండి. లేచి ఏదైనా పని మొదలుపెట్టండి.

ఒక్కరే మానడం కష్టం. ఇద్దరు ముగ్గురు కలిసి మానితే సులువు.

సాయం కావాలంటే ఫోను చెయ్యవచ్చు. నంబరు 1800 11 2356. డబ్బు పడదు. తెలుగులో మాట్లాడవచ్చు. ఎలా మానాలో చెబుతారు.

పిల్లల చేత చుట్ట ముట్టించవద్దు. కొట్టుకు పంపవద్దు. 18 ఏళ్లలోపు పిల్లలకు పొగాకు అమ్మడం నేరమని 2003లో చట్టం వచ్చింది.

అత్త ఏం చేసింది?

ఆ సాయంత్రం అత్త నోరు తెరవలేదు. మర్నాడు కూడా తెరవలేదు. మూడో రోజు కోడలు తన నోరే ముందు తెరిచింది. "నా నోరు నువ్వు సూడు అత్తా. తరవాత నీ నోరు నాను సూత్తాను" అంది.

అత్తకు నవ్వు వచ్చింది. లైటు పట్టుకుని కోడలి అంగిలి చూసింది.

"ఎర్రగా, తమలపాకు తొడిమి రంగులో ఉన్నాదే" అంది.

తరువాత కోడలు అత్త నోరు చూసింది. అంగిలి సున్నం కొట్టిన గోడలా ఉంది. ఒక మూల రూపాయి బిళ్లంత ఎర్రమచ్చ ఉంది. కోడలు కాసేపు మాట్లాడలేదు.

"ఏటే? సెప్పవేటి?"

"రేపు ఏ.ఎన్.ఎం. అమ్మ దగ్గిరికి ఎల్దాం అత్తా."

ఏ.ఎన్.ఎం. చూసింది. చీటీ రాసి పెద్దాసుపత్రికి పంపింది. ముక్క తీశారు. పది రోజులు గడిచాయి. ఆ పది రోజులూ ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

కాగితం వచ్చింది. "ఇంకా క్యాన్సర్ కాలేదు. కానీ అవడానికి దగ్గరలో ఉంది. మచ్చ తీసేస్తాం. చుట్ట మానాల్సిందే. మూడు నెలలకోసారి రావాలి" అన్నారు డాక్టరు.

అత్త మానింది. నాలుగో రోజు ఊళ్లో చావు జరిగింది. అక్కడ ఎవరో చుట్ట ఇచ్చారు. తాగేసింది. ఇంటికి వచ్చి ఏడ్చింది. కోడలు తిట్టలేదు. "రేపటి నుంచి మళ్లీ ఒకటి అని లెక్కెడదాం" అంది.

ఇప్పుడు అత్త తలుపు పక్క గోడ మీద బొగ్గుతో రోజుకో అంకె వేస్తోంది. అంకెలు వేయడం కోడలు నేర్పింది. నిన్న 41 వేసింది. నాలుగు తలకిందులుగా పడింది. కోడలు దిద్దబోయింది.

"ఉండనీ. లెక్క సరిగ్గానే ఉన్నాది కదా" అంది అత్త.

అప్పలూ, వదినలూ! 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మనలాంటి ఆడవాళ్లే సారా కొట్టు మూయించారు. వాళ్లు కూడా రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నవాళ్లే. వాళ్లు ఊళ్లోని సారాతో పోరాడారు. మనం మన నోట్లోని నిప్పుతో పోరాడాలి. ముందు ఒకరి నోరు ఒకరం చూసుకుందాం.

మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో అడ్డచుట్ట తాగేవాళ్లు ఎవరెవరు? వాళ్లు ఎప్పుడు, ఎవరిని చూసి మొదలుపెట్టారు?

2. నొప్పి లేకపోయినా నోరు ఎందుకు చూసుకోవాలి?

3. ఏ గుర్తులు కనిపిస్తే ఆసుపత్రికి వెళ్లాలి? చెప్పండి. తరువాత రాయండి.

4. ఈ వారం మీరు ఎవరి నోరు చూస్తారు? మీ నోరు ఎవరికి చూపిస్తారు?